తిరిగి ఇవ్వాలి

ఆ పత్రికాఫీసులో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనబడదు. ఎడిటరు మొదలుకొని గేటు దగ్గర కూర్చునే మనిషి దాకా అందరికీ ఆవిడ బీరువాక్క. ఆవిడకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా "బీరువాక్కా, ఒక పాత ఫొటో కావాలి" అంటూ తలుపు దగ్గర నిలబడేవారు. మెట్ల కింద ఒక పొడవాటి గది, అందులో నలభై ఒక్క ఇనప బీరువాలు, వాటి నిండా కవర్లు, కవర్ల నిండా పాత వార్తల కత్తిరింపులూ ఫొటోలూ. గదికి కిటికీ ఉందన్న పేరే గానీ తెరిస్తే పక్క భవనం గోడ చేతికి తగులుతుంది. ఆ గదిలో ఆవిడ ముప్ఫయ్యారేళ్లు పనిచేసింది.

ఇరవై రెండేళ్ల వయసులో పేపర్లు కత్తిరించే పనికి చేరింది. కత్తెర పట్టిందంటే వంక పెట్టడానికి లేదు. గీత గీసుకోకుండానే కాలమ్ అంచు వెంట నిలువునా దించేసేది. ఇంట్లో మాత్రం కత్తిపీట ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆవిడ భర్త హాస్టల్లో వంట చేసి రిటైరైనవాడు, వంటింట్లోకి ఆవిడను అడుగు పెట్టనివ్వడు. "నువ్వు తరిగితే కూరగాయలు కూడా తేదీలవారీగా పేరుస్తావు" అని ఆయన వేళాకోళం. అందులో అబద్ధమేమీ లేదు. ఏ వస్తువైనా ఎక్కడుందో తెలియకపోతే ఆవిడకు అన్నం సయించదు.

ఇప్పుడు ఆ గది మూసేస్తున్నారు. అచ్చయిన పేజీలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేశారు. కవర్లు నెలాఖరుకు కాగితపు మిల్లుకు వెళ్లిపోతాయి. అదే రోజు ఆవిడ రిటైరవుతుంది. "బీరువాలూ నేనూ ఒకేసారి తుక్కు కింద పోతున్నాం" అని అందరితోనూ నవ్వుతూ చెప్పేది గానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయేది.

సరిగ్గా పదకొండు రోజులు మిగిలి ఉండగా ఆ అమ్మాయి వచ్చింది.

అమ్మాయంటే మరీ చిన్నపిల్లేం కాదు, ముప్ఫై ఏళ్లు. కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. గోళ్ల సందుల్లో మిషన్ నూనె నలుపు, భుజానికి స్క్రూడ్రైవర్లు గలగలమనే సంచీ. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా అమ్మ ఫొటో కావాలండి," అంది. "మీవాళ్లే పట్టుకొచ్చారు. ఇరవై ఏడేళ్లయింది. అమ్మను మా నాన్న చంపినప్పుడు."

బీరువాక్క ఆశ్చర్యపోలేదు. ఇంట్లో ఒక మనిషి హత్య అయితే పత్రికలవాళ్లు చేసే మొదటి పని ఏమిటో ఆవిడకు తెలియంది కాదు. విలేఖరి ఆ ఇంటికి పోతాడు. గోడ మీదో ఆల్బమ్‌లోనో ఉన్న ఫొటో అడుగుతాడు. "రేపే తెచ్చిచ్చేస్తాను" అంటాడు. ఏడుస్తున్నవాళ్లు ఎప్పుడిస్తావని గట్టిగా అడగరు కదా. ఫొటో వెనక పెన్సిలుతో "తిరిగి ఇవ్వాలి" అని రాసి ఆఫీసులో పడేస్తాడు. ఆ రేపు ఇంతవరకు రాలేదు. మూడు బీరువాల నిండా అవే. మొదట్లో బీరువాక్క విలేఖరుల వెంటపడి పోరేది. తర్వాత పోరడం మానేసింది. వాటికి చెమ్మ తగలకుండా చూసుకోవడం మాత్రం మానలేదు.

"అది తప్ప ఇంకోటి లేదా అమ్మా?"

"లేదండి. అప్పుడు నాకు మూడేళ్లు. మా మేనమామ దగ్గర పెరిగాను. ఆల్బమ్ ఉండేదట. మామయ్యే తగలబెట్టాడట."

ఆ సంగతి ఆమెకూ ఈమధ్యే తెలిసింది. మామయ్యకు కంట్లో శుక్లం తీశారు. కట్టు కట్టి పడుకోబెడితే, ఎన్నడూ ఆ ఊసు ఎత్తని మనిషి, పక్కన కూర్చున్న మేనకోడలితో తనంతట తనే అన్నాడు: "కళ్లు మూసుకుంటే అక్క కనబడాలి కదే. కనబడట్లేదు." ఆ తర్వాత ఆల్బమ్ సంగతి బయటపెట్టాడు. ప్రతి ఫొటోలోనూ అక్క పక్కన అతను ఉన్నాడు. "వాడి మొహం ఇంట్లో ఉండకూడదనుకున్నాను. అగ్గిపుల్ల గీసేటప్పుడు అక్క మొహం కూడా అందులోనే ఉందన్న ఆలోచన రాలేదు. బూడిదయ్యాక వచ్చింది." అంతకు ముందురోజు ఒక్క ఫొటో మాత్రం విలేఖరి చేతికిచ్చాడట, స్టూడియోలో తీయించుకున్న పెద్దది. మిగిలి ఉంటే అదొక్కటే ఉండాలి.

"అమ్మ ఎలా ఉండేదంటే అచ్చం నీలాగే అంటాడు మామయ్య," అంది ఆ అమ్మాయి. "అద్దంలో చూసుకుంటే నేనే కనబడతాను గానీ అమ్మ కనబడదు కదండీ."

బీరువాక్క గుండె నీరయిపోయింది. "దొరుకుతుంది. నా గదిలోకి వచ్చింది ఏదీ బయటికి పోలేదు," అని మాటిచ్చేసింది. అంత తొందరపడి మాటివ్వడం ఆవిడ అలవాటు కాదు. తల్లి పేరు రాసుకుంది, ఏ ఏడాది ఏ నెలో రాసుకుంది, బీరువా తెరిచింది. ఆ పేరుతో కవరు లేదు.

లేకపోవడంలో వింతేమీ లేదు. ఇలాంటి కేసుల్లో కవరు ఎప్పుడూ మగవాడి పేరు మీదే కడతారు. ఆవిడ చేరకముందు నుంచీ ఉన్న పద్ధతి అది. దానికో సమర్థింపు కూడా ఉంది. చచ్చిపోయిన మనిషి గురించి వార్త ఒక్కరోజే వస్తుంది. చంపినవాడి గురించి ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది: అరెస్టు, బెయిలు, విచారణ, శిక్ష, పైకోర్టు, విడుదల. అన్నిసార్లు తీసి పెట్టాల్సిన కవరు అతని పేరు మీద ఉంటేనే సుళువు. అందుకని ఆమె అతని కవర్లో ఉంటుంది. బతికినన్నాళ్లూ పడింది చాలదన్నట్టు, పోయాక కూడా అతని పేరు కిందే కాపురం.

"మీ నాన్న పేరు చెప్పమ్మా. రెండు నిమిషాల్లో తీస్తాను."

అమ్మాయి మొహం బిగుసుకుపోయింది. "ఆ పేరు మా ఇంట్లో అనం," అంది. "అమ్మ పేరు చెప్పాను కదండీ. అమ్మ ఫొటోకి అమ్మ పేరు చాలదా?"

చాలాలి మరి. బీరువాక్క బీరువా తలుపు మూసింది. "సరే, ఇంకో దారి ఉంది. రెండు రోజులాగి రా," అని పంపించింది.

ఇంకో దారి అంటే కారణాల పుస్తకం. హత్య వార్తలను పేరుతో కాకుండా కారణం కింద ఎక్కించిన లావుపాటి అట్టపుస్తకం. ఆ కారణాలు విలేఖరికి పోలీసులు చెప్పినవి, పోలీసులకు చంపినవాడు చెప్పినవి. చెప్పడానికి రెండోమనిషి ఎలాగూ లేదు. అనుమానం కింద పదహారు పేజీలున్నాయి. "అనుమానం పెనుభూతమై" అని శీర్షిక పెట్టడం సబ్‌ఎడిటర్లకు మహా ఇష్టం, ఆ భూతం చేతులు ఎవరివో మాత్రం శీర్షికలో పట్టదు కాబోలు. క్షణికావేశం కింద తొమ్మిది పేజీలు. ఆ క్షణానికి ముందు ఆమె ఎన్నిసార్లు పుట్టింటికి పరిగెత్తిందో, ఎన్నిసార్లు సర్దిచెప్పి వెనక్కి పంపారో లెక్కేస్తే అది చాలా పొడవైన క్షణం. కుటుంబ కలహాలు ఇరవై రెండు పేజీలు. కలహమంటే ఇద్దరూ కలిసి చేసింది అన్నట్టు. ఇవన్నీ బీరువాక్క తన చేత్తోనే ఎక్కించింది. ఎక్కించేటప్పుడు ఒక్కోసారి ఒళ్లు మండేది. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పేసరికి ఆ మంట చల్లారిపోయేది.

ఇప్పుడు ఆ పుస్తకం ముందేసుకుని, ఆ నెల వార్తలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూస్తూ, ఒకే ఒక్క ఆడమనిషి పేరు కోసం వెతికింది. పుస్తకంలో ఆడవాళ్ల పేర్లు లేవు. ఫలానా అతని భార్య. ఇద్దరు పిల్లల తల్లి. యువతి. వివాహిత. రెండు రోజులన్నది నాలుగు రోజులైంది. ఆదివారం ఇంట్లో కూడా చెయ్యి ఊరుకోక సొరుగులు లాగుతుంటే భర్త గరిటె పట్టుకుని వచ్చాడు.

"ఏం పోగొట్టుకున్నావు?"

"ఒక మనిషి మొహం."

"ఎవరిది?"

"నాకూ తెలీదు."

ఆయన కాసేపు చూసి, "తిని వెతుకు," అని లోపలికి పోయాడు.

ఆ అమ్మాయి రోజూ మధ్యాహ్నం వచ్చేది. ఊరికే నిలబడలేక, బిగుసుకుపోయిన బీరువా తలుపుల కీళ్లకు తన సంచీలోని నూనె వేసేది. వేస్తూ మాట్లాడేది. వాళ్లమ్మ చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేదట. కాలరు కుట్టడం అందరికీ రాదు, మూల సూటిగా తిరగాలి, అది వాళ్లమ్మకు వచ్చు. మామయ్యకు అక్క గురించి గొప్పగా చెప్పుకోవడానికి మిగిలింది అదొక్కటే.

"అందుకే ఈ పని నేర్చుకున్నానండి," అంది ఒకరోజు. "పాత మిషన్లు ఇప్పటికీ నడుస్తాయి. ఫ్యాక్టరీకి పిలిచినప్పుడల్లా, విప్పుతున్నది అమ్మ కూర్చున్న మిషనేమో అనిపిస్తుంది. పెడల్ మీద అరిగిన చోట కాసేపు చెయ్యి పెడతాను."

బీరువాక్క తల ఎత్తలేదు. ఎత్తితే కళ్లనీళ్లు కనబడతాయి.

"నుదురు వెడల్పో ఇరుకో," అంది ఆ పిల్ల మళ్లీ, తనలో తను అనుకుంటున్నట్టు. "నవ్వితే పళ్లు కనబడేవో లేదో. అంతకంటే పెద్ద కోరికలేం లేవు నాకు."

నెలాఖరుకు మూడు రోజులుంది. బీరువాక్క పుస్తకం మూసేసింది.

"అమ్మా, నా వల్ల కాలేదు. ఆ పేరు కావాలి. నోటితో అనక్కర్లేదు, రాసివ్వు."

ఆ అమ్మాయి నూనె సీసాకు మూత బిగించింది. చివరికి చీటీ మీద రాసింది. నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పెట్టి, చెయ్యి దుస్తులకు తుడుచుకుంది. బీరువాక్క చీటీ విప్పి చూసుకుని లోపలికి వెళ్లింది. ముప్ఫై మూడో బీరువా, రెండో అర. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

కవరు లావుగా ఉంది. అన్నిటికంటే కింద మొదటిరోజు వార్త. "మంచి మాస్టారు... మరి ఎందుకిలా?" అని శీర్షిక. అతను హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు.

"చదవండి," అంది అమ్మాయి.

బీరువాక్క చదివింది. మాస్టారు నెమ్మదస్తుడు. ఏనాడూ గొంతు పెంచి మాట్లాడలేదని ఇరుగుపొరుగు అన్నారు. పిల్లలను పోటీలకు సొంత బిడ్డల్లా తీసుకెళ్లేవాడు. వార్త తెలిసి విద్యార్థులు కన్నీరుమున్నీరయ్యారు. భార్యతో కొంతకాలంగా మనస్పర్థలున్నాయి. క్షణికావేశానికి నిండు జీవితం బలైపోయిందని తోటి ఉపాధ్యాయులు వాపోయారు. ఏ జీవితం అంటే మాస్టారిదే. అలా పదిహేను లైన్లు నడిచాక అడుగున ఒక ముక్క: మృతురాలు గృహిణి. వీరికి ఒక కుమార్తె.

"గృహిణా?" అంది అమ్మాయి. "పొద్దున్న ఏడింటికి పోయి సాయంత్రం ఆరింటికి వచ్చేదట. అది కూడా కనుక్కోలేదా?"

బీరువాక్క కవర్లో మళ్లీ చెయ్యి పెట్టింది. కత్తిరింపుల మధ్య నుంచి ఫొటో అప్పుడే వేళ్లకు తగిలింది. ముందు తను చూసింది. సన్నగా నిలువుగా ఉన్న ముక్క. కోటు వేసుకుని కుర్చీలో కూర్చున్న మగమనిషి. అతని భుజం మీద నాలుగు వేళ్లు. వేళ్ల వెనక కొంచెం చెయ్యి. మణికట్టు దగ్గర ఫొటో అయిపోయింది. ఆ అంచు ఎంత నున్నగా ఉందంటే, ఎవరి కత్తెరో ఇంకొకరిని అడగాల్సిన పనిలేదు.

ఆ రోజు గుర్తొచ్చింది. పేజీ ఆలస్యమైంది. సబ్‌ఎడిటరు ఫొటో మీద ఎర్ర పెన్సిలుతో నిలువు గీత గీశాడు. "మాస్టారొక్కడు చాలు, వార్త ఆయన గురించే కదా," అన్నాడు. పద్ధతి ప్రకారం గీత చాలు, గీత లోపలి భాగాన్నే అచ్చుకు కెమెరాలో పట్టేవారు. ఫొటో కొయ్యక్కర్లేదు. కానీ బీరువాక్కకు అప్పుడు ముప్ఫయ్యొక్కేళ్లు, తన కత్తెర మీద తనకు మహా గర్వం. కోసిస్తే ఇంకా త్వరగా అవుతుంది కదా అనుకుంది. ఒకే ఒక్క కోత. "అబ్బ, బ్లేడుతో కోసినట్టుంది," అన్నాడు సబ్‌ఎడిటరు. ఆ మెచ్చుకోలుకు ఆరోజు ఇంటికి వెళ్లేదాకా ఆవిడ కాళ్లు నేలమీద ఆనలేదు.

దొరకలేదని చెప్పేయొచ్చు. ఫొటో ఇంకా కవరు చాటునే ఉంది. ఆ ఆలోచన రావడానికే సిగ్గేసి, తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టేసింది.

అమ్మాయి చూసింది. తిప్పి వెనక చూసింది. మళ్లీ ముందు చూసింది.

"మిగతాది ఇంకో కవర్లో ఉందాండీ?"

"లేదమ్మా."

"చూడకుండానే చెప్తారేంటి?"

"కోసింది నేనే. కోయమని ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే కోశాను. ముక్కలు బుట్టలో వేసేదాన్ని. బుట్ట సాయంత్రానికి ఖాళీ చేసేవారు."

ఆ అమ్మాయి అరవలేదు. ఇన్నాళ్లలో మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చుంది. స్క్రూడ్రైవర్ల సంచీ ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి ఏదో తట్టినట్టు తలెత్తింది.

"అయితే మీరు చూసుంటారు కదా. మామయ్య కాకుండా అమ్మను చూసినవాళ్లు నాకు ఇంకెవరూ దొరకలేదు. మొత్తం ఫొటో మీ చేతుల్లోకి వచ్చింది. ఎలా ఉంది మా అమ్మ?"

ఆ గొంతులో అంత ఆశ ఉంది. బీరువాక్క చుట్టూ చూసింది. ఈ గదిలో కొన్ని వేల మొహాలున్నాయి. ఏదో ఒకటి ఇచ్చేస్తే పోయేదేముంది? నుదురు వెడల్పమ్మా, నవ్వితే పళ్లు కనబడేవి, జడ ముందుకు వేసుకుంది. పట్టుకోగలిగినవాళ్లు లేరు. ఈ పిల్ల ఆ మొహం గుండెల్లో పెట్టుకుని బతికేస్తుంది. ఇంతకంటే పెద్ద అబద్ధాలు పెద్ద అక్షరాల్లో అచ్చయి ఈ అరల్లోనే ఉన్నాయి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల కళ్లలోకి చూశాక బయటికి రాలేదు. ఆమె గురించి ఎవరికి తోచింది వాళ్లు రాసేశారు, తనూ ఇంకొకటి కలపాలా?

"చూడలేదమ్మా," అంది. "కత్తెర ఎక్కడ దించాలో అదే చూశాను."

అమ్మాయి కళ్లు నిండిపోయాయి. బీరువాక్కకు క్షమించమని అడగాలనిపించింది. ఆ మాట ఎంత చిన్నదో తెలిసి మింగేసింది. అమ్మాయి మోచేత్తో కళ్లు తుడుచుకుని, ఫొటోను బల్ల మీద ఆవిడ వైపు జరిపింది.

"అయితే ఇప్పుడు చూడండి. ఉన్నంతవరకు చూడండి."

బీరువాక్క కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది. అతని మొహాన్ని బొటనవేలితో కప్పేసింది. నాలుగు వేళ్లు. సన్నవే గానీ కణుపులు గట్టివి. ఉంగరం లేదు. గోళ్లు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. ఇరవై ఏడేళ్ల కిందట చూడాల్సినంత శ్రద్ధగా ఇప్పుడు చూసింది.

"చూపుడువేలు దగ్గర ఫొటో మీద గీత పడినట్టుంది," అంది.

అమ్మాయి వంగింది. ఫొటో తీసుకుని ట్యూబ్‌లైటు కిందికి వెళ్లింది. దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది.

"గీత కాదండి ఇది." గొంతు మారిపోయింది. "గోరు. కాలర్ల మిషన్ మీద కొత్తగా కూర్చున్నప్పుడు సూది గోట్లోంచి దిగిపోతుంది. గోరు మళ్లీ వస్తుంది, మధ్యలో గాడి మాత్రం పోదు. ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు ఎంతమందికి చూశానో. మా అమ్మదే. మా అమ్మ చెయ్యే ఇది." తర్వాత కొంచెం ఆగి, "ఎంత నొప్పెట్టి ఉంటుందో. అయినా మానలేదు, మళ్లీ వెళ్లి కూర్చుంది," అంది.

గృహిణి అని రాసినవాడికి ఆ గోరు చూపించాలనిపించింది బీరువాక్కకు. వాడు ఎప్పుడో రిటైరై పోయాడు. చూపించడానికి తను తప్ప ఇక్కడ ఇంకెవరూ లేరు.

"మామయ్యకు చూపిస్తాను," అంది అమ్మాయి. అంది గానీ లేవలేదు. బీరువాక్క తన కుర్చీ కూడా పక్కకు జరుపుకుంది. పైనుంచి ఎవరో ఫొటో కోసం వచ్చి, తలుపు దగ్గర కాసేపు నిలబడి వెళ్లిపోయారు. ఇద్దరూ ఆ నాలుగు వేళ్లనే చూస్తూ కూర్చున్నారు. వేళ్ల నుంచి మణికట్టు, మణికట్టు నుంచి అంచు దాటి మోచెయ్యి, భుజం, మెడ, అలా ఒక్కొక్కటే మనసులో పైకి వెతుక్కుంటూ పోయారు. మెడ దాకా వెళ్లేవారు. అక్కడ ఆగిపోయి, మళ్లీ వేళ్ల దగ్గరికి వచ్చేవారు.